తారీఖు లేని స్కాలర్‌షిప్
(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాసం: ప్రసంగ పాఠం)



రామలింగారెడ్డిగారి పేరు మీద ఉపన్యాసమంటే ఆయన విమర్శ గ్రంథం ‘కవిత్వతత్త్వ విచారము’ దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను ఆ జోలికి పోను. దాని గురించి సాధికారంగా మాట్లాడగలవారు ఈ సభలోనే ఉన్నారు. నేను ఉద్యోగమున్నన్నాళ్లూ అర్థశాస్త్రం చెప్పాను, మధ్యలో కొంతకాలం హాస్టల్ వార్డెనుగా ఉన్నాను. ఆ రెండు పనుల్లోనూ నాకు బాగా అలవాటైన విషయం డబ్బు. కాబట్టి ఇవాళ పీజీ విద్యార్థుల డబ్బు గురించి, అంటే వాళ్లకు రావలసి ఉండి రాని డబ్బు గురించి మాట్లాడతాను. రెడ్డిగారు కూడా తెలుగులో అర్థశాస్త్ర గ్రంథం రాసినవారే కనక ఈ విషయం ఆయనకు పరాయిదేమీ కాదు.

అసలు రెడ్డిగారే స్కాలర్‌షిప్ విద్యార్థి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతుండగా ‘ముసలమ్మ మరణము’ రాసి ఆంధ్ర భాషాభిరంజని సంఘం బహుమతి గెలుచుకున్నారు. తర్వాత భారత ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జి వెళ్లి సెయింట్ జాన్స్ కాలేజీలో చరిత్ర చదివారు. అక్కడి విద్యార్థి యూనియన్‌కు ఉపాధ్యక్షుడయ్యారు. ఒక తెలుగువాడికి ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఆ చదువుకు డబ్బు పెట్టింది తెల్లదొరల ప్రభుత్వం. ఆ తర్వాత పాతికేళ్లకు, 1930లో, ఉప్పు సత్యాగ్రహం నడుస్తున్న రోజుల్లో, అదే ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్ పదవిని వదులుకున్నారు. ‘మా డబ్బుతో చదివి మాకే ఎదురు తిరుగుతావా’ అని అప్పుడు ఏ దొర అయినా అనుకుని ఉంటాడో లేదో గాని, ఇప్పుడు మాత్రం ఆ మాట రోజూ వింటున్నాం. స్కాలర్‌షిప్ తీసుకుంటూ ధర్నాలేమిటని టీవీ చర్చల్లో అడుగుతుంటారు. రెడ్డిగారి రాజీనామా దానికి చాలినంత జవాబు. చదువుకు ఇచ్చే డబ్బు చదువుకే. విధేయతకు ఇచ్చే బయానా కాదది.

కేంబ్రిడ్జి నుంచి వచ్చాక రెడ్డిగారు కొంతకాలం బరోడా కళాశాలలో పనిచేశారు. ఆ సంస్థానాధీశుడు సాయాజీరావు గైక్వాడ్. ఆయనే 1913లో అంబేడ్కర్‌ను కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. తిరిగి వచ్చాక పదేళ్లు బరోడా కొలువులో పనిచేయాలని ఒప్పందం. ఆ సాయం గొప్పతనం గురించి అందరూ చెబుతారు, చెప్పాలి కూడా. నాకు మాత్రం దాని రెండో భాగం మీదే చూపు నిలుస్తుంది. న్యూయార్కు నుంచి ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లారు. అక్కడ పని సగంలో ఉండగా స్కాలర్‌షిప్ గడువు తీరిపోయింది. 1917లో చదువు ఆపి వెనక్కి రావలసివచ్చింది. బరోడాలో ఉద్యోగమైతే ఇచ్చారు గాని, తలదాచుకోవడానికి ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు లేరు. మళ్లీ లండన్ చేరింది 1920లో. అదీ బొంబాయిలో పాఠాలు చెప్పి వెనకేసుకున్న డబ్బుతో, స్నేహితుడి దగ్గర చేసిన అప్పుతో, కొల్హాపూర్ షాహు మహరాజు సాయంతో. డీఎస్సీ చేతికొచ్చేసరికి 1923. అంబేడ్కర్ అంతటివాడు కాబట్టి తెగిన దారాన్ని మూడేళ్ల తర్వాత మళ్లీ అందుకోగలిగాడు. తక్కినవాళ్ల సంగతి ఆలోచించండి. డబ్బు మొత్తంగా సరిపోయిందా లేదా అన్నది ఒక లెక్క. పని పూర్తయ్యేదాకా నిలిచిందా లేదా అన్నది వేరే లెక్క. మన ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, దాతలు అందరూ మొదటి లెక్కే చూస్తున్నారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ రెండో లెక్క.

మన కాకినాడ కథ ఒకటి ఉంది. కోరంగి రేవు వైపు నుంచి రంగూన్ వెళ్లి బాగా ఆర్జించిన మల్లాడి సత్యలింగ నాయకర్ తన ఆస్తిని ధర్మానికి రాశారు. ఆ ధర్మసంస్థ సాయంతో, మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సమకూర్చిన డబ్బుతో భీమవరంలో పుట్టిన ఓ కుర్రాడు 1920ల మొదట్లో హార్వర్డ్ చేరాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. తీరా బోస్టన్‌లో దిగాక ఆ డబ్బు చాల్లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ, పగలు చదువుకున్నాడు. తర్వాత ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వెనక ఆయన పని ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ నాయకర్ పేరు కాకినాడ పీజీ కేంద్రం మీద ఇప్పటికీ ఉంది. అందులో చదివినవాళ్లలో ఎంతమందికి ఆ పేరు వెనక కథ తెలుసో నాకు అనుమానమే. రంగూన్‌లో సంపాదించిన వర్తకుడికి తన డబ్బు ఏ బోస్టన్ దాకా పోతుందో తెలిసే అవకాశం లేదు. తెలియకపోయినా ఇచ్చాడు. దాతలకు ఉండవలసిన మొదటి గుణం అదేనని నా ఉద్దేశం.

అంతకు ముందు మనకున్న ఏర్పాటు వారాలు చేసుకోవడం. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం మరొకరింట్లో. ఎందరో పెద్దవాళ్లు అలా చదువుకున్నారు, ఆత్మకథల్లో ఆ తల్లులను తలచుకున్నారు. అది మంచిదే. కాని ఏ కులం పిల్లవాణ్ణి ఏ వంటింట్లోకి రానిచ్చేవారో కూడా అదే గొంతుతో చెప్పుకోవాలి. ఆ తర్వాత కులానికో హాస్టల్ వచ్చింది. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది, దానివల్ల బాగుపడినవాళ్లు చాలామంది. అయినా గుమ్మం దాటనివ్వని పిల్లలకు దారి వేయాల్సింది ప్రభుత్వమే. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లోనే మొదలైంది. మన దగ్గర 2008 ప్రాంతాల్లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను విస్తరించాక విశ్వవిద్యాలయాల ముఖమే మారిపోయింది. ఈ మాట నేను లెక్కలు చూసి అనడం లేదు, క్లాసులో హాజరు పిలిచినవాడిగా అంటున్నాను. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చూసినవాళ్లు, కూలికి పోయే అమ్మల కూతుళ్లు, చెంచు గూడేల నుంచి వచ్చినవాళ్లు నా ముందు బల్లల మీద కూర్చున్నారు. ఆ పథకాన్ని దుబారా అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఇప్పుడు నేను చెప్పబోయే ఫిర్యాదును వాళ్లు తమ వాదనకు వాడుకోవద్దని ముందే మనవి.

ఫిర్యాదు ఇది. మన స్కాలర్‌షిప్‌కు మొత్తం ఉంది, అర్హత ఉంది, నిబంధన ఉంది. తారీఖు లేదు.

తెలంగాణలో ఆ డబ్బు నడిచే దారి చూడండి. విద్యార్థి ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో దరఖాస్తు చేస్తాడు. దానికి ముందు మీసేవ కేంద్రంలో ఆదాయ ధ్రువీకరణ పత్రం తెచ్చుకోవాలి. కుటుంబ ఆదాయం తన వర్గానికి పెట్టిన పరిమితి లోపు ఉందని అది చూపాలి. వేలిముద్ర వేయాలి. కాగితాలు కాలేజీలో ఇవ్వాలి. కాలేజీ వాటిని జిల్లా సంక్షేమ అధికారికి పంపాలి. అక్కడ మంజూరయ్యాక బిల్లు ట్రెజరీకి వెళుతుంది. ట్రెజరీలో టోకెన్ పడుతుంది. ఇక్కడిదాకా చాలాసార్లు సవ్యంగానే జరుగుతుంది. టోకెన్ పడిన తర్వాతే అసలు నిరీక్షణ. కాలేజీ ఆఫీసులో ‘సార్, డబ్బులొచ్చాయా’ అని అడిగితే ‘టోకెన్ పడింది’ అంటారు. ఆరు నెలల తర్వాత అడిగినా అదే మాట. టోకెన్ పడిందంటే కుర్రవాడు ఆశపడతాడు, ఇంటికి ఫోన్ చేసి చెబుతాడు కూడా. ఖజానాలో డబ్బు ఉన్నప్పుడు, ఉన్నదాన్ని ఎవరికి ముందివ్వాలో ఆర్థికశాఖ తేల్చుకున్నప్పుడు, ఆ వరసలో చదువు వంతు వచ్చినప్పుడు ఆ టోకెన్ డబ్బవుతుంది. ఈ వరసలో చదువు ఎప్పుడూ ముందుండదు. కాంట్రాక్టరు పని ఆపేస్తాడు, ఉద్యోగి సమ్మె చేస్తాడు. విద్యార్థి ఏం చేస్తాడు? పరీక్ష రాస్తాడు.

అలా పేరుకున్న బకాయిలు వేల కోట్లకు చేరి, 2025లో తెలంగాణ ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు కాలేజీలు మూసి కూర్చున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మరో దారి తొక్కారు. డబ్బు కాలేజీకి కాకుండా తల్లి ఖాతాలో వేశారు, ఆ తర్వాత తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా అన్నారు, ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. డబ్బు ఎవరి చేతికి వెళ్లాలన్న దాని మీద ఐదేళ్లు చర్చించాం, ఏ రోజున వెళ్లాలన్నది మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఈ మధ్యలో 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటే తీసేసింది. ఊళ్లోనో, పక్క పట్నంలోనో ఉన్న కాలేజీలో ఎమ్మెస్సీ చేరదామనుకున్న అమ్మాయికి అది తలుపు మూయడమే. యూనివర్సిటీకి రావచ్చు కదా అంటారా? రెండొందల మైళ్ల దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకోవాలి కదా. పీజీ అంటే డిగ్రీ తర్వాత వచ్చే విలాసం అన్న భావన మన సచివాలయాల్లో ఎక్కడో పాతుకుపోయింది. డిగ్రీ చెప్పే మాస్టార్లు ఎక్కడి నుంచి వస్తారో వాళ్లు ఆలోచించినట్టు లేదు.

కేంద్రం వాటా కథ కూడా చెప్పాలి. 2020 చివర్లో ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను 60:40 పద్ధతికి మార్చారు. కేంద్రం అరవై, రాష్ట్రం నలభై. మంచి మార్పే. కాని రాష్ట్రం తన నలభై ముందు వేస్తే గాని కేంద్రం అరవై కదలదు. ఒకచోట ఆలస్యమైతే రెండుచోట్లా ఆలస్యమే.

ఈ ఆలస్యం హాస్టల్‌లో ఎలా కనబడుతుందో వార్డెనుగా చూశాను. మెస్ నెల నెలా నడవాలి. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, వంటవాళ్ల జీతం అన్నీ కలిపి, ఆ నెల తిన్నవాళ్ల హాజరుతో భాగిస్తే డే రేటు వస్తుంది. స్కాలర్‌షిప్ సంవత్సరానికోసారి వచ్చినా, రెండేళ్లకోసారి వచ్చినా కూరగాయల వాడికి ప్రతి వారం ఇవ్వాల్సిందే. అందుకని నెలాఖరుకు నోటీసు బోర్డు మీద బకాయిదారుల జాబితా అంటిస్తారు. నేనూ అంటించాను. ఆ జాబితాలో మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చూస్తే ముప్పాతిక వంతు స్కాలర్‌షిప్ మంజూరైనవాళ్లే ఉండేవారు. అంటే ప్రభుత్వం బాకీ, పిల్లవాడి పేరు మీద.

ఆ బాకీ చివరికి, చదువు ముగిశాక బకాయిలేవీ లేవని ముద్రలు వేయించుకునే ‘నో డ్యూస్’ ఫారం దగ్గర బయటపడుతుంది. ఇక్కడున్న పాత విద్యార్థులకు ఆ ఫారం గుర్తుండే ఉంటుంది. లైబ్రరీ, ల్యాబ్, క్రీడల విభాగం, హాస్టల్, అకౌంట్స్. ఒక్కో గడిలో ఒక్కో ముద్ర. ఓసారి ఓ అమ్మాయి ఆ ఫారం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాసు. ఓ మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, పదిహేను రోజుల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. నాలుగు గడుల్లో ముద్రలున్నాయి. అకౌంట్స్ గడి ఖాళీ. రెండో సంవత్సరం ఫీజు ప్రభుత్వం నుంచి రాలేదు కనక ముద్ర వేయరు. ‘డబ్బు కట్టెయ్యమ్మా, గవర్నమెంటు ఇచ్చాక తిరిగి ఇస్తాం’ అన్నారట. అంత డబ్బే ఉంటే ఆమె స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసేదే కాదు కదా. గుమాస్తాను తప్పుపట్టలేం. కాలేజీ నడవాలంటే అతనికీ ఆ డబ్బు కావాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. నేను ఆ కాగితం చూపించాను. ‘ఆపలేదు సార్, నో డ్యూస్ వస్తే ఇస్తాం’ అన్నారు. చివరికి నేనూ, ఇద్దరు సహోద్యోగులూ కలిసి కట్టాం. ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చాక ఆ అమ్మాయి మాకు తిరిగి పంపింది, మొత్తంగా, మేం అడగకుండానే. ఆ చివరి సంగతిని గుర్తుపెట్టుకోండి, తర్వాత దాని అవసరం ఉంది.

పరిశోధక విద్యార్థుల సంగతి ఇంకా చిత్రం. ఒకే ల్యాబులో, ఒకే గైడు దగ్గర, పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు స్కాలర్లు. ఒకరికి నెట్ పరీక్షతో జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చింది. 2023 జనవరి నుంచి ఆ ఫెలోషిప్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్ (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42,000. పక్క కుర్చీలో మనిషికి జేఆర్ఎఫ్ అందలేదు. ఆయన కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంటే నాన్ నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8,000 వస్తాయి. ఆ 8,000 అనే అంకె 2012 నుంచి అక్కడే ఉంది. ఇదే కాలంలో జేఆర్ఎఫ్ 16,000 నుంచి 37,000 అయింది. 2015లో ఆ ఎనిమిది వేలు కూడా ఆపేద్దామని యూజీసీ నిర్ణయిస్తే, ఢిల్లీలో విద్యార్థులు ఆ ఆఫీసు ముందు రాత్రింబవళ్లు కూర్చుని నిలబెట్టుకున్నారు. ఇక మనలాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల స్కాలర్లకు ఆ పథకం వర్తించదు. ఎనిమిది వేలు కాదు, ఎనిమిది రూపాయలు కూడా లేవు. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోకు నెలకు డెబ్బై వేల నుంచి ఎనభై వేలు. సున్నా నుంచి ఎనభై వేల దాకా అదే దేశంలో, అదే పట్టాకు. ప్రతిభకు తేడా ఉంటే ఉండనీ, ఆకలికి ఇంత తేడా ఉండదు.

ఏమీ రానివాళ్లు ఏం చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు, మధ్యాహ్నం ల్యాబు, రాత్రి గ్రూప్స్ పుస్తకాలు. ఉస్మానియా హాస్టళ్లలో ‘నాన్ బోర్డర్’ అన్న మాట పుట్టింది ఇందుకే. సీటు ఒకరిది, గదిలో ఉండేది ముగ్గురు నలుగురు. బయట అద్దె కట్టలేనివాళ్లు స్నేహితుడి గదిలో చాప వేసుకుంటారు. అధికారులు అప్పుడప్పుడు తనిఖీకి వచ్చి ఖాళీ చేయిస్తారు, వారం తిరక్కుండా వాళ్లు మళ్లీ వచ్చి చేరతారు. దీన్ని క్రమశిక్షణ సమస్యగా చూసేవాళ్లకు గదుల సంఖ్య, స్కాలర్ల సంఖ్య పక్కపక్కన రాసి చూపించాలి.

ఫెలోషిప్ వచ్చినవాళ్లకైనా తారీఖు ఉందా అంటే, లేదు. నెల నెలా స్కాలర్ హాజరు కాగితం మీద గైడు సంతకం, హెడ్ సంతకం, ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఆ తర్వాత యూనివర్సిటీ ఆఫీసులో ‘మేకర్’ అనే ఉద్యోగి దాన్ని పోర్టల్‌లో ఎక్కించాలి, ‘చెకర్’ అనే మరో ఉద్యోగి ఆమోదించాలి. మేకర్ సెలవు పెడితే ఆ నెల పోయినట్టే. చెకర్ బదిలీ అయితే కొత్తాయనకు పాస్‌వర్డ్ వచ్చేదాకా ఆగాలి. గైడుతో మాట పట్టింపు వస్తే సంతకమే ఒక ఆయుధం. ఈ చివరి సంగతి గురించి మనం, అంటే అధ్యాపకులం, బహిరంగంగా మాట్లాడుకోం. మాట్లాడుకోవాలి.

2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించాడు. ఆ మరణం చుట్టూ ఎన్నో వాదాలు జరిగాయి, ఇంకా జరుగుతూనే ఉన్నాయి. నేను వాటిలోకి పోను. ఆయన చివరి లేఖలో ఏడు నెలల ఫెలోషిప్ తనకు రావలసి ఉందని, అది లక్షా డెబ్బై అయిదు వేలని, ఆ డబ్బు తన వాళ్లకు అందేలా చూడమని రాశాడు. ఓ పరిశోధక విద్యార్థి లోకానికి రాసిన ఆఖరి ఉత్తరంలో బకాయి లెక్క ఉంది. దాని మీద నేను వ్యాఖ్యానం చేయలేను.

విదేశాలకు వెళ్లేవాళ్ల గురించి రెండు మాటలే. తెలంగాణ ప్రభుత్వ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఇరవై లక్షలు ఇస్తారు. గొప్ప పథకం. మొదటి విడత అక్కడ దిగినట్టు ఆధారం చూపించాక, రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక. అంటే ముందు నీ డబ్బుతో వెళ్లు, తర్వాత చూద్దాం అని. పొలం తాకట్టు పెట్టకుండా ఆ మొదటి మెట్టు ఎక్కడం ఎలాగో పథకం రాసినవారే చెప్పాలి. అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లల్లో అసిస్టెంట్‌షిప్ దొరికినవాళ్లను అడగండి. వాళ్ల స్టైపెండ్ గురించి వాళ్లు ముందు చెప్పేది మొత్తం కాదు. ఏ తారీఖున పడుతుందో చెబుతారు, ఆ తారీఖును బట్టి అద్దె కడతారు, బియ్యం కొంటారు. అంత మొత్తం మన విశ్వవిద్యాలయాలు ఇవ్వలేవని నాకు తెలుసు. తారీఖు ఇవ్వడానికి ఏం అడ్డం?

అదును దాటాక పడిన వానతో చెరువు నిండుతుందేమో గాని, పైరు బతకదు. మన బడ్జెట్ పత్రాల్లో చెరువు నిండినట్టే కనిపిస్తుంది.

ఇక ఏం చేయొచ్చన్నది. ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వం చేయాలి, దాని కోసం అడుగుతూనే ఉండాలి. కాని ఈ సభ జరుగుతున్న కళాశాల తనంతట తాను చేయగలిగింది ఒకటి ఉంది.

స్నాతకోత్సవం రోజు చూడండి, ఎన్ని బంగారు పతకాలో. తల్లి పేరు మీద, తండ్రి పేరు మీద, గురువు పేరు మీద దాతలు డిపాజిట్ చేసిన సొమ్ము వడ్డీతో ఏటా ఒక పతకం. వడ్డీలు తగ్గి బంగారం పెరిగాక ఆ పతకాల్లో చాలావాటికి బంగారం పూతగానే మిగిలింది, అది వేరే సంగతి. పతకం ఎవరికి వస్తుంది? అన్ని అడ్డంకులూ దాటి మొదట నిలిచినవారికి. రెండో సెమిస్టర్‌లో మెస్ బకాయి కట్టలేక ఊరికి వెళ్లి మళ్లీ రాని పిల్లవాడు ఆ పోటీలోనే లేడు. దాతలు ఇంకోలా కూడా ఇవ్వగలరు. రెడ్డిగారు నడిపిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ లక్షలో నాకు నచ్చేది ‘ఏటా’ అన్న మాట.

నేను కోరేది ఒక చేబదులు నిధి. దానంగా కాదు, వడ్డీ లేని చేబదులుగా. స్కాలర్‌షిప్ మంజూరై డబ్బు రాని విద్యార్థి మంజూరు పత్రం చూపిస్తే చాలు, నెలకు ఎనిమిది వేల దాకా ఆ నిధి నుంచి ఇవ్వాలి. హామీదారు సంతకం అడగకూడదు, తండ్రిని పిలిపించకూడదు. వార్డెను, అకౌంట్స్ ఆఫీసరు, ఒక పరిశోధక విద్యార్థి ముగ్గురూ కూర్చుని వారంలోగా తేల్చాలి. ఇచ్చేది ప్రతి నెలా అయిదో తారీఖు. ప్రభుత్వం డబ్బు పడ్డాక నిధికి తిరిగి జమ. లెక్క వేశాను. వంద మందికి, నెలకు ఎనిమిది వేల చొప్పున, ఆరు నెలలు ఇస్తే నలభై ఎనిమిది లక్షలు. ఈ కళాశాలలో చదివి దేశదేశాల్లో స్థిరపడ్డవాళ్లకు అది పెద్ద మొత్తం కాదు. పైగా అది ఖర్చయిపోయే డబ్బు కాదు, తిరిగి వచ్చే డబ్బు.

తిరిగి రాకపోతే అని అడుగుతారు. కొంత రాదు. ప్రభుత్వమే ఎగ్గొట్టిన చోట పిల్లవాణ్ణి పీడించకూడదు, ఆ మేరకు నిధి నష్టపోవడానికి సిద్ధపడాలి. కాని ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, ఆ అమ్మాయి అడక్కుండానే పంపిందని. వార్డెనుగా నేనిచ్చిన చిన్నా చితకా చేబదుళ్లలో చాలావరకు అలాగే తిరిగి వచ్చాయి. ఉద్యోగం వచ్చిన మొదటి నెల జీతంలోంచి పంపినవాళ్లున్నారు.

ఇంకో ఆక్షేపణ బలమైనది. మీరు ఇలా సర్దేస్తూ పోతే ప్రభుత్వానికి ఇంకా అలుసు కదా అని. నిజమే. అందుకని ఆ నిధితో పాటు ఇంకో పని తప్పనిసరి చేయాలి. ప్రతి సెమిస్టర్ చివర కళాశాల ఒక పట్టిక ప్రకటించాలి. ఏ పథకం కింద ఎందరికి మంజూరైంది, ఎన్ని రోజులకు డబ్బు పడింది, ఎందరికి ఇంకా పడలేదు. అందులో విద్యార్థుల పేర్లు ఉండవు, పథకాల పేర్లు ఉంటాయి. బకాయిదారుల జాబితా అంటించిన నోటీసు బోర్డు మీదే దాన్నీ అంటించాలి. ప్రభుత్వ వసతి గృహాల్లో ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ చార్జీలు తెలంగాణలో 2024లో నెలకు 1,500 నుంచి 2,100 అయ్యాయి. రోజుకు యాభై రూపాయలు డెబ్బై అయ్యాయి. అది కూడా ఏళ్ల తరబడి విద్యార్థులు అంకెలు చూపి అడగ్గా అడగ్గా జరిగిందే. అంకె కంటి ముందుంటే అడగడం తేలిక.

పాలకమండలి సభ్యులు ఇక్కడున్నారు. ఈ నిధికి ఓ ప్రత్యేక ఖాతా తెరిచే తీర్మానం మీ తర్వాతి సమావేశపు అజెండాలో చేర్చమని వినయంగా అడుగుతున్నాను. పాత విద్యార్థులు తల్లిదండ్రుల పేర కొత్త బంగారు పతకం పెట్టదలిస్తే ఈసారికి ఆ డిపాజిట్టు ఈ నిధికి మళ్లించండి. మీ తల్లిదండ్రుల పేరు నిధి దాతల జాబితాలో ఉంటుంది. ఈ ఉపన్యాసానికి నిర్వాహకులు ఇవ్వదలచిన పారితోషికం ఆ ఖాతాలో మొదటి జమగా వేయండి. కుర్చీలు చాలక వెనక నిలబడ్డ విద్యార్థులకు ఒకటే మాట: మంజూరు పత్రం నకలు ఒకటి మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి, డబ్బు పడిన తారీఖు దాని మీదే రాసి పెట్టుకోండి. నేను చెప్పిన బకాయిల పట్టిక తయారు చేయాల్సి వస్తే మొదట కావలసింది అదే.